గింజలేని నిమ్మకు ఇంట్లోనే అంటు కట్టడం: నా అనుభవం

మన నర్సరీల్లో గింజలేని నిమ్మ పేరుతో దొరికేది ఎక్కువగా తాహితీ రకం. మామూలు నిమ్మకు క్రోమోజోములు 18 అయితే దీనికి 27. అందుకే పుప్పొడి, అండాలు సరిగా తయారుకావు. పరాగ సంపర్కం లేకుండానే కాయ కడుతుంది. తెనాలి వైపు నాటు నిమ్మను గింజ వేసి మొలిపించినట్టు దీన్ని మొలిపించలేం, కొమ్మ నుంచే మొక్క తీయాలి.

విజయవాడలో మేడ మీద కుండీల్లో పెంచుకునేవాళ్లకు గాలి అంటు, అదే గూటీ, చాలు. అంటే కొమ్మ చెట్టు మీద ఉండగానే దానికి వేళ్లు పుట్టించి, తర్వాత కోసి నాటడం. జులై నుంచి సెప్టెంబరు దాకా మంచి అదను. మే ఎండల్లో కడితే, వేళ్ల కోసం కొమ్మ చుట్టూ కవరులో పెట్టే తడి నాచు ఉడికిపోతుంది.

పెన్సిల్ మందం ఉన్న, ఏడాది వయసు కొమ్మ తీసుకుంటాను. పెద్ద పెద్ద ముళ్లతో నిటారుగా దూసుకొచ్చే నీటి కొమ్మల జోలికి పోను, అవి వేరుపట్టినా కాపుకు ఆలస్యం. గజ్జి తెగులు మచ్చలున్న కొమ్మ అసలే వద్దు.

చాకు శుభ్రం చేయడం చాలామంది వదిలేస్తారు. ఎక్సోకార్టిస్ అనే వైరాయిడ్ (వైరస్ కంటే చిన్న రోగకారకం) చాకు అంచు మీదే చెట్టు నుంచి చెట్టుకు పాకుతుంది. స్పిరిట్‌తో తుడిచినా, మంటలో చూపినా దాన్ని నమ్మకంగా వదిలించలేం. ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి తొమ్మిది వంతుల నీళ్లు కలిపి అందులో ముంచి, తర్వాత మంచినీళ్లతో కడిగి తుడవాలి, లేకపోతే తుప్పు పడుతుంది.

కణుపుకు కాస్త కింద రెండున్నర సెంటీమీటర్ల వెడల్పున బెరడు చుట్టూ తీసేయాలి. గూటీలు ఎక్కువగా చెడేది ఇక్కడే. బెరడు ఊడగానే తెల్లటి కట్టె మీద వేలు పెడితే జారుతుంది. ఆ జిగట పొరే మళ్లీ బెరడును పుట్టిస్తుంది. దాన్ని చాకు వెనకవైపుతో గీకి, కట్టె పొడిగా, గరుకుగా తగిలేదాకా తీయాలి. సన్నటి చార మిగిలినా పై బెరడూ కింది బెరడూ కలిసిపోతాయి. ఆకుల్లో తయారైన ఆహారం ఎప్పటిలాగే కిందికి దిగిపోతుంది, వేరు మాత్రం రాదు. వేరు పుట్టేది వలయం పై అంచున కాబట్టి, వేరు హార్మోన్ పొడి అక్కడే పల్చగా అద్దాలి.

నానబెట్టిన నాచును గట్టిగా పిండాలి. పిడికిట్లో నొక్కితే ఒకటి రెండు చుక్కలకు మించి కారకూడదు, తడి ఎక్కువైతే బెరడు కుళ్లుతుంది. నాచు దొరక్కపోతే కొబ్బరి పొట్టు వాడుకోవచ్చు, కానీ త్వరగా ఆరిపోతుంది. గుప్పెడు నాచును చుట్టూ పెట్టి పారదర్శకమైన పాలిథిన్‌తో చుట్టి, రెండు కొసలూ బిగించి కట్టాలి. పై ముడి వదులైతే వాన నీరు దిగుతుంది, చీమలు కూడా చేరతాయి. మీద అల్యూమినియం రేకు కాగితం చుడితే వేడి తగ్గుతుంది, విప్పి చూడటానికీ వీలు.

రెండు నెలల్లోపు తెల్లటి వేళ్లు కవరుకు తగులుతూ కనిపిస్తాయి. అప్పుడే కోయకూడదు. అవి లేత గోధుమరంగుకు తిరిగి పిల్లవేళ్లు వేశాక, గూటీకి కింద సగం గాటు పెట్టి, వారం తర్వాత పూర్తిగా కోస్తాను. ఆకులు సగం తుంచేయాలి. పాలిథిన్ తప్పకుండా తీసేయాలి గానీ నాచును విడదీయొద్దు, వేళ్లు పుటుక్కున తెగుతాయి. మూడు నాలుగు వారాలు నీడలో ఉంచాలి. కొత్త చిగురు మీద వెండి గీతలు కనిపిస్తే అది పాముపొడ పురుగు. ఆ ఆకులు తుంచి, వేపనూనె కొడితే చాలు. మొదటి ఏడు పూత గిల్లేయండి.

గుంటూరు నల్లరేగడిలో నేలమీదే పెట్టదలిస్తే గూటీ మొక్క కంటే కన్ను అంటు, అంటే వేరే మొక్క కాండంలో మనకు కావలసిన రకం మొగ్గను అతికించడం, మేలు. గూటీకి తల్లివేరు ఉండదు, గాలివానకు ఒరుగుతుంది. నీరు నిలిస్తే కాండం నుంచి జిగురు కారే బంక తెగులూ వస్తుంది. కింద వేరు మొక్కగా పెంచే రంగపూర్ నిమ్మ పెన్సిల్ మందం అయ్యాక, నేలకు కనీసం 20 సెంటీమీటర్ల ఎత్తున ‘టి’ ఆకారపు గాటు పెట్టి కన్ను చొప్పించి, పాలిథిన్ పట్టీతో బిగించాలి. మూడు వారాలకు కన్ను పచ్చగా ఉంటే అతుక్కున్నట్టే. అతుకు ఎప్పుడూ మట్టిలో కూరుకుపోకూడదు. దాని కింద వచ్చే ప్రతి చిగురునూ లేతగా ఉండగానే గిల్లేయాలి. వదిలేస్తే అదే చెట్టును మింగేస్తుంది, కొన్నేళ్లకు కమలాల రంగులో, గింజలతో కాయలు కాస్తుంది.