కడుపులో బిడ్డ ఎముకకు చుట్ట చేసే చేటు, మాత్ర చేసే మేలు

బిడ్డ ఎముక మొదట మెత్తటి మృదులాస్థిగా ఏర్పడుతుంది. రెండో నెల చివర్లో అది గట్టిపడటం మొదలవుతుంది. పుట్టేనాటికి బిడ్డ ఒంట్లో సుమారు 30 గ్రాముల కాల్షియం ఉంటుంది. అందులో నూటికి 80 వంతుల దాకా చివరి మూడు నెలల్లో తల్లి రక్తం నుంచి వెళ్లిందే.

మన సిక్కోలు (శ్రీకాకుళం) తీరంలో ముందు చుట్ట గురించే చెప్పాలి. నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ కొన్ని ఊళ్లలో ఆడవాళ్లకు ఇంకా అలవాటే. నికోటిన్ వల్ల మాయకు వెళ్లే రక్తనాళాలు ముడుచుకుంటాయి. పొగలోని కార్బన్ మోనాక్సైడ్ బిడ్డకు అందాల్సిన ఆక్సిజన్‌ను తగ్గిస్తుంది. దాంతో బిడ్డ బరువే కాదు, పొడవూ తగ్గుతుంది. ఖైనీ, గుట్కాల్లో పొగ లేకపోయినా నికోటిన్ ఉంది. ఇంట్లో మగవాళ్లు తాగే పొగా చేటే. ఏ నెలలో మానేసినా మేలే, అయితే కడుపు పండిందని తెలిసిన రోజే మానడం అన్నిటికంటే మంచిది.

కల్లు బలం అనే మాట నమ్మకండి. తాటి కల్లయినా జీలుగు కల్లయినా, గర్భిణికి ఇంత తాగితే పరవాలేదన్న కొలత లేదు.

కాఫీ, టీల్లోని కెఫీన్ రోజుకు 200 మిల్లీగ్రాములు దాటకుండా చూసుకోవాలి. నెలలు నిండేకొద్దీ తల్లి ఒంట్లోంచి అది నెమ్మదిగా పోతుంది, బిడ్డ కాలేయానికైతే దాన్ని విరగ్గొట్టే శక్తే ఉండదు. ఎలుకలపై చేసిన ప్రయోగాల్లో కెఫీన్ మోతాదు ఎక్కువైనప్పుడు పిల్లల పొడవాటి ఎముకల ఎదుగుదల మందగించింది. రెండు చిన్న గ్లాసుల టీకి కంగారు పడక్కర్లేదు. కానీ ఐరన్ మాత్రను మాత్రం టీతో మింగకండి.

మాత్రల దగ్గర జరిగే పొరపాటు ఎక్కువగా వేళలోనే. 14వ వారం నుంచి రోజుకు రెండు కాల్షియం మాత్రలు ఇస్తారు. ఒక్కోదాంట్లో 500 మిల్లీగ్రాముల కాల్షియం, 250 యూనిట్ల విటమిన్ డి ఉంటాయి. కాల్షియం, ఐరన్ కలిపి మింగితే ఐరన్ సరిగా ఒంటబట్టదు. పొద్దున టిఫిన్ తిన్నాక ఒక కాల్షియం, మధ్యాహ్నం అన్నం తిన్నాక ఇంకొకటి, రాత్రి భోంచేసిన రెండు గంటలకు ఐరన్ వేసుకోండి. పరగడుపున కాల్షియం వేసుకుంటే కడుపులో మంట పుడుతుంది, దాంతో చాలామంది మాత్రలే మానేస్తారు. కాన్పయ్యాక కూడా ఆరు నెలలు కాల్షియం ఆపకూడదు.

ధాన్యాల్లో చోళ్లను (రాగులను) మించింది లేదు. 100 గ్రాముల్లో దాదాపు 350 మిల్లీగ్రాముల కాల్షియం ఉంటుంది, కాబట్టి రోజూ అంబలి తాగండి. నెత్తళ్లు ముల్లుతో సహా తినండి, పచ్చివైతే మేలు. ఎండువాటిలో ఉప్పెక్కువ, బీపీ ఉన్నవాళ్లకు పనికిరావు.

జ్వరానికో మొటిమలకో మెడికల్ షాపులో అడిగి డాక్సీసైక్లిన్ లాంటివి కొని వేసుకోకండి. టెట్రాసైక్లిన్ జాతి మందులు కాల్షియాన్ని పట్టుకుని బిడ్డ ఎముకల్లో, పాలపళ్లలో చేరతాయి, పళ్లు పసుపెక్కుతాయి. ఫిట్స్ మందులు వేరే సంగతి. వాటిలో కొన్ని విటమిన్ డి తగ్గిస్తాయి, అయినా సొంతంగా ఆపితే ఫిట్స్ వచ్చి తల్లికీ బిడ్డకీ ప్రమాదం. డాక్టరుకు చెబితే మందు మార్చాలో, విటమిన్ డి పెంచాలో వాళ్లు చూస్తారు.

స్కాన్ రిపోర్టులో ఎఫ్.ఎల్. అని ఉండేది తొడ ఎముక పొడవు. ఒకసారి కాస్త తక్కువ వచ్చిందని హడలిపోకండి. పాత రిపోర్టు వెంట తీసుకెళ్లి, అప్పటికీ ఇప్పటికీ ఎంత పెరిగిందో డాక్టరును అడగండి.