పూలుపండ్లు, కొత్త కొలువు ఒక్క వారంలనే

ఆఫర్ లెటర్ ఏప్రిల్ రెండో వారంల వచ్చింది. సికింద్రాబాద్‌ల పెద్ద ల్యాబ్, బయోకెమిస్ట్రీ సెక్షన్‌ల టెక్నీషియన్ పోస్టు, జీతం 26,000. హన్మకొండల నాలుగేండ్లు చేసిన కాడ 15,000 దాటలే. పొద్దుగాల నుంచి రాత్రి దాక రక్తం తీసుడే పని, మిషన్ల దగ్గరికి రానిచ్చేటోళ్లు కాదు. డీఎంఎల్‌టీ, అంటే మెడికల్ ల్యాబ్ డిప్లొమా, చదివింది అందుకు కాదు. తెల్లారే రాజీనామా ఇచ్చిన. నోటీసు రెండు నెలలు. జూన్‌ల ఒక శనివారం ఆఖరి రోజు, సోమవారం కొత్తకాడ చేరుడు. అంతా చక్కగ కుదిరిందనుకున్న.

వచ్చే ఆదివారమే మంచిర్యాల నుంచి సంబంధం వచ్చింది. అబ్బాయి శ్రీరాంపూర్ బొగ్గు గనిల ఓవర్‌మన్, కింద పనోళ్లను చూసుకునే కొలువు. వాళ్లు వచ్చే ముందు బాపు నన్ను పక్కకు పిలిచి, "బిడ్డా, హైదరాబాద్ ముచ్చట ఇప్పుడే తియ్యకు. వాళ్లు ఊ అన్నంక నిమ్మళంగ చెప్పుకుందాం" అన్నడు. బాపును తప్పు పట్టను. అప్పటికే రెండు సంబంధాలు వచ్చి పోయినయి, నా వెనుక ఇద్దరు చెల్లెండ్లున్నరు. నాకూ భయమే. కాని వాళ్లు ఒప్పుకున్నంక చెప్తే అది చెప్పుడు కాదు, దాచింది బయటపడుడు.

డాబా మీద మాట్లాడుకోనిచ్చినప్పుడు ముందుగాల ఇదే చెప్పిన. "ఇక్కడ రాజీనామా ఇచ్చిన. జూన్‌ల సికింద్రాబాద్‌ల చేరుత. కనీసం రెండేండ్లు అక్కడనే చేస్త. మీకు సరిపోదనుకుంటే ఇప్పుడే చెప్పుండ్రి, మా ఇంట్ల ఎవ్వరూ ఏమనుకోరు."

కొద్దిసేపు ఆయన ఏమనలే. తర్వాత, "రైలు కాజీపేట మీదికెళ్లే కదా పోయేది. ఆదివారం నాకు సెలవు. నేను వస్త, లేకుంటే మీరు రాండ్రి" అన్నడు. "మా అమ్మకు మాత్రం మీరే చెప్పాలె. నేను చెప్తే నేనే నేర్పిన అనుకుంటది."

కిందికి దిగి ఆమెకూ చెప్పిన. "పెండ్లయినంక గూడనా?" అని అడిగింది. "అవునండి, రెండేండ్లు" అన్న. ఆమె ఇగ మాట్లాడలే. చాయ్ తాగి లేసిండ్రు. నాలుగు రోజులు అటునుంచి ఫోన్ లేదు, ఆ నాలుగు రోజులు బాపు నాతోని సరిగ మాట్లాడలే. అయిదో రోజు ఆమెనే చేసింది. "మా ఇంట్ల మాట్లాడుకున్నం బిడ్డా. హాస్టల్ల తిండి మంచిగుంటదా?" అని అడిగింది. అప్పటిసంది ఆమె నాకు అత్తమ్మ.

తర్వాత పూలుపండ్లకు, అంటే నిశ్చితార్థానికి, ముహూర్తం వచ్చి పడ్డది. ఇద్దరి నక్షత్రాలకు కలిసేది జ్యేష్ఠంల ఒక్క గురువారమే ఉందన్నడు పంతులు. సరిగ్గ నేను చేరాల్సిన వారం. అది దాటితే ఆషాఢం, మళ్ల శ్రావణం దాక ఆగాలె. మా బాపమ్మ మంచం దిగక ఏడాదైతుంది, ఆమె కోసమైనా ఆగొద్దన్నరు అందరు.

కొత్త కొలువు వాళ్లను వారం గడువు అడగాలంటే చేతులు రాలే. అడిగితే ఆఫరే రద్దు చేస్తరేమోనని మూడు రోజులు మెయిల్ రాసుడు, తీసేసుడు. తోటి టెక్నీషియన్ ఒకామె "తాత చనిపోయిండని రాయి, ఎవ్వలు అడగరు" అన్నది. నాకు మనసొప్పలే. ఉన్నదే రాసిన: "గురువారం నా నిశ్చితార్థం. మరుసటి సోమవారం చేరడానికి అనుమతి ఇవ్వగలరు. ఆ తర్వాత ఈ విషయమై మళ్లీ సెలవు అడగను." సాయంత్రమే సరే అని జవాబు వచ్చింది. నేను అక్కడ ఆగలే, మారిన తేదీతోని ఆఫర్ లెటర్ మళ్ల పంపుమని అడిగిన. ఈ ఒక్కటి మాత్రం ఎవ్వలూ మరువొద్దు. పాత లెటర్‌ల పాత తేదీనే ఉంటది, ఫోన్ల అన్న మాట రేపు ఎవ్వలకూ యాదికుండదు.

అన్నిటికన్న నన్ను ఏడిపించింది ఒరిజినల్ సర్టిఫికెట్లు. పాతకాడ చేరినప్పుడు వెరిఫికేషన్‌కని టెన్త్ మెమో, డిప్లొమా, పారామెడికల్ బోర్డు రిజిస్ట్రేషన్ తీసుకున్నరు. నాలుగేండ్లు వాళ్ల బీరువాలనే ఉన్నయి. ప్రైవేటు దవాఖానల్ల చేసే మా అసొంటోళ్లకు ఇది తెలువని ముచ్చట కాదు, నర్సులను అడిగినా ఇదే చెప్తరు. వాపస్ అడిగితే "నీ జాగల మనిషి దొరికినంక ఇస్తం" అన్నరు. కొత్తకాడ చేరేనాడు ఒరిజినల్స్ చూపియ్యకపోతే లోపలికి రానియ్యరు.

మా మేనమామ కోర్టుల గుమాస్తాగ చేసి రిటైరైండు. "నోటితోని కొట్లాడకు, కాయితం పెట్టు" అన్నడు. ఏయే సర్టిఫికెట్, దాని నంబరు, ఏనాడు ఇచ్చిన, నా ఆఖరి రోజు ఏది, అన్నీ రాయించిండు. రెండు ప్రతులు తీసుకపోయిన, రెండో దాని మీద ముట్టిందని సంతకం పెట్టమంటే పెట్టలే. ఆ సాయంత్రమే స్పీడ్ పోస్టు చేసి రసీదు దాచినం. వారం తర్వాత వాళ్ల మాట మారింది, ఆఖరి రోజు ఇస్తమన్నరు.

ఆ శనివారం సాయంత్రం డిప్లొమా, రిజిస్ట్రేషన్ చేతుల పెట్టిండ్రు. టెన్త్ మెమో లేదు. బీరువా అంతా తీసి చూసినం, కానరాలే. ఆ రాత్రి అమ్మ చీరెల ముచ్చట తీస్తే కసురుకున్న, ఇప్పటికీ అది గుర్తొస్తే బాధైతది. సోమవారం పోయి నేనే ఒక్కొక్క ఫైలు తీసి వెతికిన. ఎన్నడో మానేసి పోయిన ఇంకో అమ్మాయి ఫైల్ల నా మెమో ఉంది. జాయినింగ్ వారం వాయిదా వేసుకోకపోయి ఉంటే ఆ పొద్దు నేను సికింద్రాబాద్ కౌంటర్ ముందు ఉత్త చేతులతోని నిలవడేదాన్ని. ఒరిజినల్ చూపియ్యాలె, జిరాక్స్ ఇయ్యాలె. ఇయ్యక తప్పకుంటే ఏమేం తీసుకున్నరో రాయించి సంతకం తీసుకోవాలె. నా చెల్లెండ్లకు ఇది పదిసార్లు చెప్పిన.

పైసలకు ఇంట్ల కటకటనే ఉండె. పీఎఫ్‌ల డెబ్బై వేల చిల్లర ఉందంటే అది తీస్తే చీరె, ఉంగరం వెళ్తయి కదా అన్నది అమ్మ. అయిదేండ్లు నిండకముందే తీస్తే పన్ను లెక్కల పడ్తది. యజమాని కట్టే 12 శాతంల 8.33 శాతం పింఛను ఖాతకు పోతది, ఆ పింఛనుకు పదేండ్ల సర్వీసు కావాలె. అంతా తీసేస్తే నా నాలుగేండ్లు పోతయి, కొత్తకాడికి బదిలీ చేస్తే కలుస్తయి. ముట్టుకోలే. ఆధార్‌ల ఇంటిపేరు పూర్తిగ, పీఎఫ్‌ల ఒక్క అక్షరమే ఉండె, అదొక్కటి పాతకాడ ఉండంగనే సరిచేయించుకున్న. ఉంగరానికి చిన్నమ్మ చేబదులు ఇచ్చింది, మూడు జీతాలల్ల తీర్చిన.

బాపుకు ఇంకో ఆశ ఉండె. కాజీపేట నుంచి సికింద్రాబాద్ 132 కిలోమీటర్లు, 150 దాక సీజన్ టికెట్ ఇస్తరు, మా వాడల చానమంది రోజూ పోయొస్తరు. నన్నూ అట్లనే చేయమన్నడు. నా షిఫ్టు పొద్దుగాల ఏడింటికి. తెల్లారుజామున మూడింటికి లేసినా అందేది కాదు. లెక్క వేసి కాయితం మీద చూపిస్తే బాపు దాన్ని మడిచి జేబుల పెట్టుకున్నడు, మళ్ల అడగలే.

గురువారం ఇంటి ముందు టెంటు వేసి పూలుపండ్లు చేసిండ్రు. బాపమ్మను కుర్చీల కూసోబెట్టి నలుగురు ఎత్తుకొచ్చిండ్రు. అత్తమ్మ నా ఒడిల పండ్లు పోసి, బొట్టు పెట్టి, వచ్చిన చుట్టాలందరికీ తనే చెప్పింది: "మా కోడలు సోమవారం హైదరాబాద్‌ల నౌకరికి పోతుంది." నేను చెప్పాల్సిన మాట ఆమె నోట్లెకెళ్లి వస్తుంటే నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయి. బాపు బగార అన్నం గిన్నెల కాడ నిలవడి ఇటే చూస్తున్నడు.

ఆదివారం మధ్యాహ్నం కాజీపేటల రైలెక్కిన, ఒక సూట్‌కేసు, ఒక ఫైలు. సోమవారం కౌంటర్ల ఒరిజినల్స్ చూసి, జిరాక్స్‌లు తీసుకొని, అక్కడనే వాపస్ ఇచ్చిండ్రు. పది నిమిషాలు పట్టలే. తర్వాత సెక్షన్‌ల సీనియర్ మేడం నా చేతులు చూసి, "ఉంగరం తీసెయ్యమ్మా, ల్యాబ్‌ల గ్లౌజుల కింద ఉంగరాలు ఉండొద్దు" అన్నది. పెట్టి నాలుగు రోజులే. తీసి పర్సుల పెట్టిన. ఉత్త వేలు ఫొటోల ఎవ్వలైనా చూసి ఇంకోలా అనుకోకముందే, లంచ్ టైమ్‌ల అత్తమ్మకు ఫోన్ చేసి చెప్పిన.

"దానికేంది బిడ్డా," అన్నది. "వాడు గూడ గనిల దిగేటప్పుడు తీసి డబ్బాల పెట్టే పోతడు. తిన్నవా?"