ఉప్పల్ బస్టాపు, దుబాయ్ మెట్రో, మా అన్న

మా అన్న దుబాయ్ పోయి పద్దెనిమిదేళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో రెండేళ్ళకోసారి ఆయనే వచ్చి పోయేవాడు తప్ప మాలో ఎవరం అక్కడికి పోలేదు. మొన్న జనవరిలో నేను పోయాను, పది రోజులున్నాను. దిగింది మా ఆడబిడ్డ వాళ్ళింట్లో, అల్ కుసైస్‌లో. అన్న ఉండేది అల్ కూజ్‌లో, కంపెనీ క్యాంపులో. ఊరికి ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు. మా ఆడబిడ్డ వాళ్ళాయన డ్యూటీకి పోతే ఇంట్లో కారుండదు, టాక్సీ మీటరు తిరుగుతుంటే దాన్ని మనసులో రూపాయల్లోకి మార్చుకుంటూ కూర్చోవడం నా వల్ల కాదు, కాబట్టి అన్నని చూడాలంటే మెట్రో, బస్సే దిక్కు.

నాకు మెట్రో కొత్తేమీ కాదు. హైదరాబాద్‌లో మా ఇల్లు బోడుప్పల్, ఉద్యోగం అమీర్‌పేట. పొద్దున సిటీ బస్సో షేర్ ఆటోనో పట్టుకుని ఉప్పల్ వరకు, అక్కడి నుంచి మెట్రో, సాయంత్రం మళ్ళీ అదే దారి. 2017 నవంబర్‌లో మెట్రో మొదలైనప్పటి నుంచీ ఇదే నా రోజు. అందుకే దుబాయ్‌లో ఏది చూసినా ఉప్పల్‌తో పోల్చి చూడటం దానంతట అదే అయిపోయింది.

మొదటి ఆదివారం పొద్దున్నే లేచి, అన్నకు ఇష్టమని సకినాలు డబ్బాలో పెట్టుకుని, ఏడింటికల్లా స్టేషన్ దగ్గరున్నాను. షట్టర్ వేసి ఉంది. మిగతా రోజుల్లో తెల్లవారుజామున ఐదింటికే మొదలవుతుందని విన్నాను గానీ ఆదివారం ఎనిమిదింటికని నాకు తెలియదు. నాలాగే వచ్చినవాళ్ళు మరో నలుగురు మెట్ల మీద కూర్చున్నారు. ఫోన్ చేస్తే అన్న, "ఏం పరేషాన్ గాకు చెల్లె, కార్డు మంచిగ దగ్గర పెట్టుకో, లోపలికి పోయేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి కొట్టాలె, మర్వకు" అన్నాడు. ఆ మాట పది రోజుల్లో ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. బస్సులో దిగేటప్పుడు కార్డు కొట్టడం మర్చిపోయి ఒకసారి ఫైన్ కట్టాడట, ఆ దెబ్బ ఇంకా గుర్తుంది ఆయనకి.

ఆ కార్డు పేరు నోల్. మామూలుది, వెండి రంగుది, 25 దిర్హామ్‌లు, అందులో 19 వాడుకోవచ్చు. ఒక దిర్హామ్ అంటే మన డబ్బుల్లో 23 రూపాయల పైనే. ఊరిని జోన్లుగా విడగొట్టారు, ఒక్క జోన్‌లోనే తిరిగితే 3, పక్క జోన్‌కి పోతే 5, అంతకు మించితే 7.5. అన్న దగ్గరికి పోవడానికి నాకు ప్రతిసారీ ఆ 7.5 పడేది. గేటు మీద చిన్న తెరలో ఎంత కోశారో, ఎంత మిగిలిందో కనపడుతుంది, దాన్ని చూడకుండా నేను ఒక్కసారీ ముందుకు కదల్లేదు.

రైలుకి డ్రైవరు ఉండడు. ముందు పెట్టెలో అద్దం దగ్గర నిలబడితే పట్టాలు మనకేసి పరుగెత్తుకొస్తున్నట్టుంటుంది, అక్కడ పిల్లల్ని పక్కకి జరపడం ఎవరి తరమూ కాదు. ఆడవాళ్ళకి, చిన్నపిల్లలకి విడిగా చోటుంది, నేల మీద గులాబీ రంగు గీత గీశారు. ఎవరో కుర్రాడు తెలియక గీత దాటి వచ్చి నిలబడితే, పక్కనున్న ఫిలిప్పీన్స్ అమ్మాయి ఏమీ అనకుండా వేలితో నేల చూపించింది, అంతే, అతను వెంటనే వెనక్కి పోయాడు. గీత దాటితే జరిమానా పడుతుందని అక్కడ అందరికీ తెలుసు. మన దగ్గరా మొదటి పెట్టెలో ఆడవాళ్ళకి చోటుంది, పొద్దున తొమ్మిదింటికి ఆ రద్దీలో నాకు అదే పెద్ద ధైర్యం, కాకపోతే "అన్నా, ఇది లేడీస్" అని మనమే నోరు విప్పాల్సి వస్తుంది, విప్పిన ప్రతిసారీ నలుగురూ మనవైపే చూస్తారు.

యూనియన్ స్టేషన్‌లో గ్రీన్ లైన్ దిగి రెడ్ లైన్ ఎక్కాలి. సాయంత్రాలు అక్కడ అచ్చంగా మన అమీర్‌పేటే, కాలు పెట్టే చోటుండదు. నిజం చెప్పాలంటే రైలు నుంచి రైలుకి మారడంలో రెండు ఊళ్ళకీ పెద్ద తేడా నాకు కనపడలేదు. మన స్టేషన్లూ శుభ్రంగానే ఉంటాయి, రైళ్ళూ సమయానికే వస్తాయి. ఇంత మంచి మెట్రో మనకూ ఉందని అక్కడివాళ్ళకి గర్వంగానే చెప్పుకున్నాను.

తేడా అంతా స్టేషన్ మెట్లు దిగాక మొదలవుతుంది.

బిజినెస్ బే దాటాక ఒక స్టేషన్‌లో దిగితే కిందే ఫీడర్ బస్సు ఆగి ఉంది. నంబరు ముందు ఎఫ్ అక్షరం ఉంటే అది మెట్రో స్టేషన్ దగ్గర ఎక్కించుకుని లోపలి బస్తీల్లోకి తీసుకుపోయే బస్సు అని అర్థం. అదే నోల్ కార్డు కొట్టి ఎక్కాను. దిగేటప్పుడు తెర చూస్తే అదనంగా ఒక్క పైసా పోలేదు. మెట్రో దిగిన అరగంటలోపు బస్సెక్కితే అదంతా ఒకే ప్రయాణం కింద లెక్కట. నేను నమ్మలేక అన్నని రెండుసార్లు అడిగాను. రైలు వేరే, బస్సు వేరే, కానీ మనిషి ఒక్కటే కదా, ఇంటి నుంచి పని దాకా ఆ మనిషి చేసేది ఒకటే ప్రయాణం. ఆ లెక్కన టికెట్ పెట్టారు. ఇంత చిన్న సంగతి మన ఊళ్ళో ఎందుకు కుదరట్లేదా అని నాకు నిజంగా బాధేసింది. మన దగ్గర మెట్రోకి ఒక కార్డు, బస్సుకి ఇంకో టికెట్, ఎంఎంటీఎస్ లోకల్ రైలుకి మరో టికెట్, మూడింటికీ ఒకదానితో ఒకటి చుట్టరికమే లేదు.

బస్టాపు గురించి చెప్పాలి. అక్కడ చాలాచోట్ల బస్టాపంటే అద్దాల గది. తలుపు తోసుకుని లోపలికి పోతే ఏసీ, నాలుగైదు సీట్లు, గోడ మీద ఏ బస్సు ఎటు పోతుందో మ్యాప్. జనవరి కాబట్టి బయట చల్లగానే ఉంది, నాకు ఏసీ అక్కర్లేదు, కానీ అన్న అన్నాడు, "జూలైల వచ్చి చూడు, గీ అద్దాల డబ్బా లేకుంటే మనిషి నిలవడలేడు." ఎండాకాలంలో మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా బయట పని చేయించకూడదని అక్కడ చట్టమే ఉంది, జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 వరకు. అలాంటి ఎండలో బస్సు కోసం నిలబడే మనిషి గురించి కూడా ఎవరో ఆలోచించారు.

ఉప్పల్ చౌరస్తా సంగతి ఆ దారిన పోయేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. 2023లో స్కైవాక్ వచ్చాక రోడ్డు దాటే గండం తప్పింది, అంతకు ముందు ఆ బస్సుల మధ్య ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటేవాళ్ళం, కాబట్టి అది కట్టినవాళ్ళకి దండం పెడతాను. కానీ స్కైవాక్ దిగాక? బస్సు ఆగాల్సిన చోట ఆటోలు, ఆటోలు ఉన్నాయని రోడ్డు మధ్యలో బస్సు, బస్సు ఎక్కడాగుతుందో తెలియక దాని వెనకాల పరుగెత్తే మేము. మొన్న వర్షాకాలంలో ఒక పెద్దావిడ, డెబ్బై ఏళ్ళుంటాయి, చేతిలో మందుల సంచి, బస్సు కోసం మూడుసార్లు అటూ ఇటూ పరుగెత్తి, నాలుగోసారి ఇక ఊరుకుని అక్కడే కట్ట మీద కూర్చుండిపోయింది. దుబాయ్‌లో ఆ అద్దాల గదిలో కూర్చున్న ప్రతిసారీ ఆవిడే గుర్తొచ్చింది. ఏసీ అడగట్లేదు నేను. తల మీద నీడ, కూర్చోను బల్ల, తర్వాతి బస్సు ఎప్పుడో చెప్పే బోర్డు, ఈ మూడూ ఇస్తే చాలు.

అయితే దుబాయ్‌ని ఊరికే పొగిడి వదిలేయలేను, ఎందుకంటే అన్నతో తిరిగాక ఇంకో సంగతి కనపడింది.

అన్న 2007లో పోయేసరికి ఈ మెట్రో స్తంభాలు లేస్తున్నాయి. వాళ్ళ రూములో ఇద్దరు ఆ పనిలోనే ఉండేవాళ్ళట, ఒకాయనది మన జగిత్యాల వైపే. 2009 సెప్టెంబర్ 9న రెడ్ లైన్ మొదలైతే, ఆ వారమే సెలవు రోజు చూసుకుని రూము మొత్తం పోయారు. "అప్పుడు పది స్టేషన్లే తెరిచిండ్రు, ఈ కొస నుంచి ఆ కొస దాక పోయి మళ్ళ అట్లనే వచ్చినం, ఏడ దిగలేదు" అని చెబుతుంటే ఆయన ముఖం చూడాలి. ఆ తర్వాత ఎన్నిసార్లు ఎక్కావని అడిగితే వేళ్ళ మీద లెక్కపెట్టాడు. రోజూ ఆయన్ని పనికి తీసుకుపోయేది కంపెనీ బస్సు. తెల్లవారుజామున నాలుగున్నరకు క్యాంపు గేటు దగ్గర వరసగా నిలబడితే ఎక్కించుకుంటుంది, సాయంత్రం మళ్ళీ దింపుతుంది. మిగిలేది ఆదివారం. ఆ రోజు పోవడానికి 7.5, రావడానికి 7.5, ఆ పదిహేను దిర్హామ్‌లు ఇంటికి పంపే లెక్కలోంచి తీయాలి, అందుకని పోకుండా పడుకుంటాడు.

అదే మన దగ్గర, మా ఆఫీసు ఊడ్చే అక్క ఘట్‌కేసర్ నుంచి వస్తుంది. 2023 డిసెంబర్‌లో ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సు ఉచితమని మహాలక్ష్మి పథకం వచ్చిన దగ్గర్నుంచి ఆధార్ చూపించి జీరో టికెట్ తీసుకుంటోంది. ఆ మిగిలిన డబ్బులతో బిడ్డకి ట్యూషన్ పెట్టించింది. అంతేకాదు, ఆదివారం పూట బిడ్డని తీసుకుని ట్యాంక్‌బండ్ పోతోంది, ఇదివరకెప్పుడూ పోలేదట. బస్సు కిక్కిరిసి ఉంటుంది, నిలబడే పోతుంది, అయినా పోతోంది. ఈ విషయంలో మాత్రం మన ఊరే గొప్పదని నేను ఎవరి ముందైనా అంటాను. మెట్రోకి అది వర్తించదు, అక్కడ 11 నుంచి 69 రూపాయల దాకా ఉంది టికెట్, అక్క ఇప్పటికీ మెట్రో ఎక్కదు.

రెండో ఆదివారం అన్నని బలవంతంగా బయటికి లాక్కొచ్చి పడవ ఎక్కించాను. అబ్రా అంటారు, దేరాకీ బర్ దుబాయ్‌కీ మధ్య ఉప్పునీటి పాయ దాటిస్తుంది. చెక్క పడవ, మధ్యలో పొడుగాటి బల్ల, అటొక వరస ఇటొక వరస వీపులు ఆనించుకుని కూర్చోవాలి, నడిమి గుంటలో నిలబడి ఒకాయన నడుపుతుంటాడు. మనిషికి ఒక్క దిర్హామ్. నడిపే ఆయన ఒక చేత్తో పడవ తిప్పుతూనే రెండో చెయ్యి వెనక్కి చాపాడు, నేను రెండు బిళ్ళలు పెట్టాను, చూడకుండానే వేళ్ళతో తడిమి డబ్బాలో వేసుకున్నాడు. తెల్ల పక్షులు నీళ్ళని రాసుకుంటూ ఎగురుతున్నాయి. అన్న చెప్పులు విప్పి, కాళ్ళు చాపి కూర్చున్నాడు. అవతలి ఒడ్డుకి చేరడానికి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. "మళ్ళ పోదామా" అన్నాడు. నాలుగుసార్లు అటూ ఇటూ తిరిగాం.

ఆ రాత్రి పదింటికి ఒక్కదాన్నే మెట్రోలో వచ్చాను. స్టేషన్ నుంచి ఇంటికి పది నిమిషాల నడక, ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూసుకోలేదు. ఉప్పల్‌లో మెట్రో తొమ్మిది దాటి దిగితే, బోడుప్పల్ చేరే దాకా మా ఆయన ఫోన్‌లో మాట్లాడుతూనే ఉండాలి నాతో.

తిరుగు ప్రయాణం రోజు అన్న పని నుంచి నేరుగా వచ్చి, నా సూట్‌కేసు పట్టుకుని టెర్మినల్ 1 దాకా మెట్రోలోనే దింపాడు. విమానాశ్రయం లోపలికే స్టేషన్ ఉంది. శంషాబాద్‌కి ఇంకా మెట్రో లేదు కాబట్టి దిగాక పుష్పక్ బస్సెక్కాను. బాగుంటుంది ఆ బస్సు, సామాన్లకి చోటుంటుంది. ఉప్పల్‌లో దిగి, సూట్‌కేసు ఈడ్చుకుంటూ సిటీ బస్సు దాకా పోతే, కండక్టరమ్మ కిందికి దిగొచ్చి ఒక పక్క పట్టుకుని పైకెక్కించింది. "ఏ ఊర్నుంచి వస్తున్నరమ్మా" అంటూనే ఆధార్ చూసి జీరో టికెట్ చింపి ఇచ్చింది. ఇక్కడ ఆరయింది, అంటే అక్కడ నాలుగున్నర. ఫోన్ మోగింది.

"చేరినవా చెల్లె?"

"ఉప్పల్‌ల ఉన్న అన్నా, బస్సెక్కిన. నువ్వు?"

"నేను గూడ ఇప్పుడే ఎక్కిన" అన్నాడు. వాళ్ళ బస్సు ఇంజన్ చప్పుడు వినపడుతోంది.