వేరులో శిలీంధ్రం, శిలీంధ్రంలో బాక్టీరియా

మొక్కల వేళ్లతో పొత్తు కలిసి బతికే మైకోరైజా శిలీంధ్రాల గురించి ఈమధ్య చాలామందే రాస్తున్నారు. వేరు చేరలేని చోట్ల నుంచి శిలీంధ్రం తన సన్నని తంతువులతో భాస్వరాన్ని తెచ్చి ఇస్తుందనీ, మొక్క అందుకు బదులుగా చక్కెరలనూ కొవ్వులనూ ఇస్తుందనీ ఆ వ్యాసాలన్నీ చెబుతాయి. ఈ పొత్తులో మూడో భాగస్వామి కూడా ఉండవచ్చన్న సంగతి వాటిలో అరుదుగా కనిపిస్తుంది.

గిగాస్పోరా మార్గరీటా అనే శిలీంధ్రాన్నే తీసుకుందాం. దాని సిద్ధబీజం తెల్లగా, గుండ్రంగా, సుమారు మిల్లీమీటరులో మూడో వంతు వెడల్పున ఉంటుంది కనుక, చూపు బాగుంటే భూతద్దం లేకుండానే కనిపిస్తుంది. అలాంటి ఒక్క బీజంలో సగటున 20,000 బాక్టీరియాలు ఉంటాయని లెక్క తేలింది. ఈ రకం శిలీంధ్రాల లోపల ఏవో సూక్ష్మరూపాలు ఉన్నట్టు 1970ల ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాల్లోనే కనబడినా, అవేమిటో తెలియక ‘బాక్టీరియా లాంటివి’ అని రాసి వదిలేశారు. అవి నిజంగా బాక్టీరియాలేననీ, బర్ఖోల్డేరియా అనే బాక్టీరియాకు దగ్గరి చుట్టాలనీ 1996లో ఇటలీకి చెందిన పావొలా బోన్‌ఫాంటే బృందం జన్యు పరీక్షల ద్వారా తేల్చింది.

తరువాత గ్లోమెరిబాక్టర్ అని పేరు పెట్టిన ఈ బాక్టీరియా జీనోమ్, అంటే దాని మొత్తం జన్యు సమాచారం, సుమారు 17 లక్షల డీఎన్ఏ అక్షరాలే. నేలలో స్వేచ్ఛగా బతికే దాని బంధువులకు అంతకు మూడు నాలుగు రెట్లు ఉంటుంది. తిండికి పూర్తిగా శిలీంధ్రం మీదే ఆధారపడి, ఒక తరం బీజాల నుంచి మరో తరానికి సంక్రమిస్తూ బతుకుతుంది.

మరి శిలీంధ్రానికి దీనితో ఏం పని? దీనికి జవాబు రాబట్టిన పద్ధతి నాకు ఎంతో నచ్చింది. ఒకే ఒక్క బీజంతో వేరుకు సోకించి, పుట్టిన బీజాల్లోంచి మళ్లీ ఒక్కటే ఏరి, తరతరానికీ ఇలాగే చేస్తూ పోతే బాక్టీరియాలు పలచబడి, చివరకు అవి బొత్తిగా లేని వంశం మిగిలింది. ఆ శిలీంధ్రం చావలేదు, వేళ్లలోకి ప్రవేశించగలిగింది కూడా. అయితే వేరు దొరకక ముందు, బీజంలోని కొవ్వు నిల్వల మీదే ఆధారపడి తంతువును సాగదీయవలసిన దశలో వెనకబడింది. బాక్టీరియా ఉన్న వంశంలో మైటోకాండ్రియాలు కణానికి శక్తినిచ్చే ఏటీపీని ఎక్కువగా తయారు చేస్తాయనీ, ఆ శిలీంధ్రం ఆక్సీకరణ ఒత్తిడిని మెరుగ్గా తట్టుకుంటుందనీ 2016లో తెలిసింది.

అలాగని లోపల ఉన్నదల్లా మిత్రుడే అనుకోవడానికి లేదు. కణకవచం లేని మాలిక్యూట్స్ తెగ బాక్టీరియాలు ఇంకా ఎక్కువ శిలీంధ్ర జాతుల్లో, నేరుగా కణద్రవ్యంలోనే ఉంటాయి. వాటివల్ల మేలు జరుగుతుందన్న స్పష్టమైన రుజువు లేదు కనుక, వాటిని పరాన్నజీవులుగా అనుమానించడమే నాకు సబబుగా తోస్తుంది.

థార్ ఎడారి మట్టిలో దొరికి, 1998లో లోకానికి పరిచయమైన సెరెండిపిటా ఇండికా కథ మరో రకం. మొక్కల పెరుగుదలను పెంచుతుందని పేరుపడ్డ ఈ శిలీంధ్రంలో రైజోబియం తెగ బాక్టీరియా ఉన్నట్టు 2008లో బయటపడింది. దాన్ని పూర్తిగా తొలగించాలన్న ప్రయత్నాలు ఫలించలేదు గానీ, విడిగా పెంచిన ఆ బాక్టీరియా ఒక్కటే శిలీంధ్రం చేసేటంత మేలూ మొక్కకు చేసింది. కాబట్టి అంతకు ముందు దశాబ్దం పాటు శిలీంధ్రం ఖాతాలో వేసిన ఫలితాల్లో ఎవరి వాటా ఎంతో మళ్లీ లెక్క చూడవలసి ఉంటుంది.