బత్తాయి తొక్కలు, ఆరు సాయంత్రాలు

మన బడిలో చదువుకున్నవాళ్ళందరికీ గేటు పక్కన వేపచెట్టు కింద ఉండే బత్తాయి రసం బండి గుర్తుందా? మధ్యాహ్నం అయ్యేసరికి దాని చుట్టూ తొక్కలు కుప్ప పడేవి. సాయంత్రం లాంగ్ బెల్ కొట్టాక అటెండర్ బాబాయి చీపురు పట్టుకుని ఆ కుప్పంతా ఊడ్చేవారు. నిజానికి అది ఆయన పని కాదు. పిల్లలు కాలు జారి పడతారని ఊడ్చేవారు.

మాది 2006-07 టెన్త్ బ్యాచ్. ఆ ఫిబ్రవరి నెలాఖరుకి బాబాయి రిటైర్ అవుతున్నారని తెలిసింది. మా సెక్షన్లో పద్నాలుగు మందిమి తలా పది రూపాయలు వేసుకుంటే 140 అయ్యాయి. దాంతో ఏం కొనాలో తెలియక క్రాఫ్ట్ టీచరు గారి దగ్గరకు వెళ్ళాం. “కొనడం ఎందుకే, చేసిద్దాం” అన్నారావిడ. మర్నాడు మా చేత బండి దగ్గర శుభ్రమైన తొక్కలు రెండు సంచులు ఏరించారు. బండాయన పైసా తీసుకోలేదు.

బడి వెనక వీధిలోనే టీచరు గారి ఇల్లు. పెరట్లో కట్టెల పొయ్యి. మొదటి సాయంత్రం తొక్కల్ని చిటికెనవేలంత సన్నగా కోశాం. చన్నీళ్ళలో వేసి పొంగు వచ్చేదాకా కాచి, ఆ నీళ్ళు పారబోసి, మళ్ళీ చన్నీళ్ళు పోశాం. అలా మూడుసార్లు. చేదంతా ఆ నీళ్ళతో పోతుంది. మూడోసారికి ముక్క గోరుతో నొక్కితే దిగేలా అయింది. తర్వాత కిలో ముక్కలకి కిలో పంచదార, అర లీటరు నీళ్ళు. ఒక్క పొంగు రానిచ్చి మూతపెట్టి వదిలేశాం.

రెండో రోజు ముక్కలు తీసి పక్కన పెట్టి, పాకాన్ని మాత్రం కాసేపు మరిగించి, ముక్కలు మళ్ళీ అందులో వేశాం. మూడో రోజూ అదే. నాలుగో రోజూ అదే. ఒకేసారి ముదురుపాకం పట్టేయొచ్చు కదా అని అడిగాను. టీచరు గారు రెండు ముక్కలు విడిగా తీసి, చిన్న గిన్నెలో చిక్కటి పాకంలో వేసి చూపించారు. తెల్లారేసరికి అవి ముడుచుకుపోయి చెప్పు తోలులా అయ్యాయి. “పాకం మరీ చిక్కగా ఉంటే ముక్కలో నీళ్ళు గబగబా బయటకు వచ్చేస్తాయి, పంచదార లోపలికి వెళ్ళే లోపే. ఆవకాయలో ముక్క ఊరినట్టు ఇదీ ఊరాలి” అన్నారు. మన సైన్సు పుస్తకంలోని ద్రవాభిసరణ నాకు ఆ గిన్నెలోనే అర్థమైంది. ఆరో రోజుకి ముక్కలు అద్దంలా మెరిసిపోయాయి. చివర్లో అర చెక్క నిమ్మరసం పిండారు, పాకం పలుకు కట్టకుండా. ఆ తర్వాత రెండు రోజులు జల్లెడ మీద పరిచి ఫ్యాను కింద ఆరబెట్టాం. వేలికి అంటుకోకూడదు, అదే గుర్తు.

కోకో సంగతి ఇక్కడ చెప్పాలి. ఏలూరు దగ్గర పెదవేగి వైపు నుంచి వచ్చే అమ్మాయిలు కొబ్బరితోటల్లో కాసిన కోకో కాయలు తెచ్చేవారు కదా. పగలగొట్టి ఆ తెల్లటి పుల్లతీపి గుజ్జు చప్పరించి గింజలు ఉమ్మేసేవాళ్ళం. “మీరు ఉమ్మేస్తున్నదే చాక్లెట్టు” అని టీచరు గారు అంటే ఎవరూ నమ్మలేదు. గింజలు ఏరి పెనం మీద వేయించి కొరికి చూశాం. చేదు, వగరు. గుజ్జుతో సహా కుప్పపోసి కప్పి అయిదారు రోజులు పులియబెట్టాలట. లోపల వేడెక్కి, గింజ రంగు మారి, ఎండాక అప్పుడు వాసన మొదలవుతుందట. దేశంలో కోకో దిగుబడిలో ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌దే మొదటి స్థానం. అందులో మన తోటల వాటా పెద్దది. అప్పుడు మాత్రం ఆ గింజ చాక్లెట్టుగా మన ఊరికి తిరిగి రావడం నేను చూడలేదు.

మేము ముంచింది ఏలూరులో బేకరీ సామాన్ల కొట్లో కొన్న అర కిలో కాంపౌండ్ చాక్లెట్ (కోకో వెన్న బదులు వేరే నూనె కొవ్వుతో చేసేది) పలకలో. మరుగుతున్న నీళ్ళ గిన్నె మీద ఇంకో గిన్నె పెట్టి కరిగించాలి. కలపడం నా వంతు. చల్లారిపోతుందేమోనని గిన్నె మీద మూత పెట్టాను. రెండు నిమిషాల తర్వాత మూత తీస్తుంటే దాని లోపలి ఆవిరి చుక్కలు మూడో నాలుగో గిన్నెలో పడ్డాయి. చూస్తుండగానే నున్నగా జారుతున్న చాక్లెట్టు గరగరలాడుతూ తడిపిన పిండిముద్దలా బిగిసిపోయింది. ఎంత కలిపినా లాభం లేదు. పద్నాలుగు మంది డబ్బులూ అందులోనే ఉన్నాయి. నాకు ఏడుపు ఆగలేదు. టీచరు గారు ఒక్క మాట అనలేదు. లోపలికి వెళ్ళి వేడి పాలు తెచ్చి ఆ ముద్దలో కొంచెం కొంచెంగా పోస్తూ కలిపారు. కొద్ది నీటికి బిగిసేది, ఎక్కువ పోస్తే మళ్ళీ జారుతుందన్నమాట. అందరికీ తలో గ్లాసు వచ్చింది. మర్నాడు ఆవిడే ఏలూరు వెళ్ళి ఇంకో పలక తెచ్చారు. దాని డబ్బుల మాట ఎప్పుడూ ఎత్తలేదు. నాకు మళ్ళీ అదే గరిటె ఇచ్చారు.

ఈసారి ముక్క కొన పట్టుకుని సగం దాకా ముంచి, అంచుకు గీకి, బటర్ పేపరు మీద పెట్టాం. పాత శుభలేఖల అట్టలతో పెట్టె చేశాం. వీడ్కోలు సభ అయ్యాక బాబాయి ఆఫీసు రూము మెట్ల మీద కూర్చుని పెట్టె విప్పారు. ఒక ముక్క కొరికి, మిగతా సగం వెలుతురుకి పెట్టి చూశారు. “ఇది బత్తాయి తొక్క కదమ్మా! నేను రోజూ ఊడ్చేదే!” అన్నారు. ఇంకోటి తినమంటే వద్దన్నారు. మనవరాలికని పెట్టె మూసి లోజేబులో పెట్టుకోబోయారు, పట్టలేదు. సైకిలు హ్యాండిల్‌కి సంచిలో తగిలించుకుని, ఒక చేత్తో పట్టుకుని నడిపించుకుంటూ వెళ్ళారు.

ఇప్పుడు హైదరాబాదులో ఉంటున్నా ఏటా చేస్తాను. అల్లం, బొప్పాయి కూడా పాకం పట్టి ముంచుతాను. తాజా అనాస ముక్కల మీద మాత్రం చాక్లెట్టు నిలవదు, నీరు ఊరి జారిపోతుంది. అసలు కోకో వెన్న ఉన్న చాక్లెట్టు మొదటిసారి వాడినప్పుడు మర్నాటికి తెల్లటి చారలు వచ్చాయి. బూజు అనుకుని భయపడ్డాను. అది సరిగ్గా గడ్డకట్టక పైకి తేలిన కోకో వెన్నట. డార్క్ చాక్లెట్టుని 45 డిగ్రీల దాకా కరిగించి, 27కి చల్లార్చి, మళ్ళీ 31కి తేవాలని తర్వాత నేర్చుకున్నాను. అప్పుడే మెరుస్తుంది, విరిస్తే టక్కుమంటుంది. 2023లో ఇక్కడ తెరిచిన ‘మనం చాక్లెట్’ అనే కొట్లో పశ్చిమ గోదావరి గింజలతో చేసిన చాక్లెట్టు దొరుకుతోంది. దాని మొదటి పలక విరిచి, టీచరు గారికి ఫోన్ చేసి ఆ శబ్దం వినిపించాను.

సంక్రాంతి సెలవుల్లో సమ్మేళనం అంటున్నారు. ఎనిమిది రోజుల ముందే ఊరు వస్తున్నాను. టీచరు గారి పెరట్లో పొయ్యి ఇంకా ఉందట. తొక్కలు కోయడానికి చాకు ఎవరిది వాళ్ళు తెచ్చుకోండి. గిన్నె మీద మూత మాత్రం పెట్టనివ్వను.