ఎర్ర స్వోర్డ్‌టెయిల్ వరస: మూడో ఈతలోనూ నల్లమచ్చే

ఎర్ర స్వోర్డ్‌టెయిల్ (మగదాని తోకకి కత్తిలాంటి కొస ఉండే, గుడ్లు కాక పిల్లల్నే పెట్టే అక్వేరియం చేప) మూడో ఈత, అంటే మూడో కాన్పు, కూడా చెడింది. 28 పిల్లల్లో మూడింటికి వెన్నురెక్క మొదట్లో నల్లచుక్క తేలింది. సరిగ్గా 9వ వారంలో, పెన్సిలు ములికి అంత. తల్లికీ తండ్రికీ ఒంటిమీద నలుపన్నదే లేదు. చుక్కలున్న ప్రతి చేపనూ పక్కన పెట్టి, శుభ్రమైన ఎర్రవాటినే జత కట్టాక రావాల్సిన లెక్క సున్నా.

 

ఈ తల్లిని కన్న అసలు జంటలో ఆడది బరంపురంలో ‘మార్బుల్’ పేరుతో అమ్మిన ఎర్ర చేప, ఒంటినిండా నల్ల చిలకరింపు. మగది ఆకుపచ్చ స్వోర్డ్‌టెయిల్. ఆ ఈతలో పెరిగినవి 31. వాటిలో 16 శుభ్రం, ఏడింటికి పలచటి చుక్కలు, ఎనిమిదింటికి కంతులు. కంతి పెరిగిన తీరు ఇది: 9వ వారంలో చుక్క, 14వ వారానికి 4 మి.మీ. మచ్చ, 18వ వారానికి మచ్చ ఉబ్బి పొలుసు లేచింది, 22వ వారానికి వెన్నురెక్క మొదలంటా తినేసింది. మామూలు నల్లరంగు చర్మంతో సమంగా, పొలుసు గీతలు కనబడేలా ఉంటుంది. ఇది అలా కాదు. పక్కనుంచి టార్చి వేస్తే నీడ పడుతుంది, అంచు గరుకుగా ఉంటుంది.

ముందు అనుకున్నవన్నీ తప్పు. అమ్మోనియా కాలిన చోట మానేటప్పుడు నలుపెక్కడం ఉంది గానీ, ఇక్కడ అమ్మోనియా ఎప్పుడు చూసినా సున్నాయే. పీహెచ్ 7.8, నీళ్ళ కఠినత్వం (జీహెచ్) 14, కరిగిన లవణాలు (టీడీఎస్) 420. పర్లాకిమిడి బోరు నీళ్ళు ఈ జాతికి అమృతం, అక్కడ పేచీ లేదు. దెబ్బ తగిలి పుండయిందేమోనని లీటరుకు 2 గ్రాముల కళ్ళుప్పు పది రోజులు, తర్వాత మెథిలీన్ బ్లూ. మచ్చ కదల్లేదు, నీళ్ళు శుభ్రం చేసే స్పాంజిలోని మంచి బాక్టీరియా మాత్రం దెబ్బతింది. వేడి వల్లనేమోనని సగం పిల్లల్ని 26 డిగ్రీల్లో, సగాన్ని 30లో పెంచితే రెండు చోట్లా ఒకటే తీరు. డాబా మీది సిమెంటు కుండీలో ఎండ తగిలినవాటికీ, లోపల ట్యాంకులోవాటికీ తేడా లేదు.

తేడా పుట్టుకలో ఉంది. స్వోర్డ్‌టెయిల్‌కి దగ్గరి చుట్టమైన ప్లాటీ చేపకి నల్లచుక్కల జన్యువుంటుంది, దాన్ని అదుపులో పెట్టే జన్యువు వేరే క్రోమోజోములో ఉంటుంది. స్వోర్డ్‌టెయిల్‌కి ఈ కాపలా లేదు. రెంటినీ కలిపితే మొదటి తరంలో చుక్కలు పెద్దవవుతాయి. ఆ సంకరాన్ని మళ్ళీ స్వోర్డ్‌టెయిల్‌తో కలిపితే సగం పిల్లలకు నలుపు వస్తుంది, అందులో సగానికి కాపలా ఉండదు. అంటే నాలుగో వంతుకు మెలనోమా, నిఖార్సయిన చర్మ క్యాన్సరు. 1920ల చివర్లోనే అమెరికాలో మైరన్ గోర్డన్, జర్మనీలో కుర్ట్ కాస్‌విగ్ ఈ సంగతి బయటపెట్టారు. కంతి పుట్టించే ఆ జన్యువుకి తర్వాత పెట్టిన పేరు ఎక్స్‌ఎంఆర్‌కే. మార్బుల్ ఆడది అలాంటి సంకరమే అనుకుంటే 31లో 8 ఆ లెక్కకి అతికినట్టు సరిపోయింది, అయినా 31 చేపలతో గంతులెయ్యకూడదు.

మరి శుభ్రమైన జంటకి నలుపెలా వచ్చింది? మూడు ఈతల్నీ 9వ వారంలోనే లెక్కపెట్టాను, ఈతకీ ఈతకీ 28 నుంచి 30 రోజులు. మొదటిది 26కి 8, రెండోది 30కి 6, ఇప్పుడు 28కి 3. నలుపు తగ్గుతూ వస్తోంది. తల్లిదండ్రుల జన్యువులోనే ఉంటే ఇలా తరగడానికి కారణం కనబడదు. పాత వీర్యం మీదే అనుమానం. ఈ జాతి ఆడది ఒక్క కలయికలోని వీర్యాన్ని ఒంట్లో దాచుకుని నెలల తరబడి ఈనుతుంది. ఆడవాటిని వేరు చేసింది 12వ వారంలో. చుక్కల అన్నదమ్ముల్లో రెండింటికి 10వ వారానికే గోనోపోడియం (మగది జత కట్టడానికి వాడే రెక్క) గట్టిపడి ఉంది. ఆ రెండు వారాలు చాలు, కొంప ముంచడానికి.

రెండో అనుమానం మగదాని మీద. ముదురెరుపు కింద సన్నటి చుక్కలు దాక్కుంటాయి. తెల్ల ప్లాస్టిక్ గిన్నెలో వేసి వెనకనుంచి వెలుగు పెట్టి ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూస్తే ఏమీ కనబడలేదు గానీ, ‘కనబడలేదు’ అంటే ‘లేదు’ అని కాదు. మూడోది, ఆడవాటి తొట్టిలో ఆలస్యంగా ఈడొచ్చే మగది ఆడదానిలా తిరగడం. ‘ఆడది మగదైపోయింది’ అని దుకాణాల్లో చెప్పే కబుర్లలో చాలామటుకు ఇదే.

ఇక ఈ నల్లవాటిని ఏం చెయ్యాలి? దుకాణదారు మాట సూటిగానే ఉంది: “మార్బులుంటే తెండి బాబూ, ఒట్టి ఎర్రవి ఎవులు కొంతారు?” 10, 12 వారాల వయసులో ఆ మచ్చ నిజంగానే అందంగా ఉంటుంది. కొన్నవాడి ఇంట్లో మూడో నెలకి కంతి లేస్తుంది, వాడు మందుల మీద డబ్బు తగలేస్తాడు. అందుకని ఇవ్వడం లేదు. కంతి ఉబ్బడం మొదలైన చేపని బాధ లేకుండా చంపడానికి లవంగనూనె: లీటరుకు 0.4 మి.లీ., ముందు చిన్న సీసాలో గోరువెచ్చటి నీళ్ళతో పాలలా తెల్లబడేదాకా గిలక్కొట్టి పోయాలి. నూనె పైన తేలితే చేప ఊరికే బాధపడుతుంది. మొప్పల కదలిక ఆగాక ఇంకో పది నిమిషాలు అలాగే ఉంచాలి.

సంకరం అంటేనే పాపమనే వాదనతో పేచీ ఉంది. బజారు స్వోర్డ్‌టెయిల్‌లో ఆ ఎరుపే ప్లాటీ నుంచి వచ్చింది. సంకరం వద్దనేవాడు ముందు తన ఎర్ర చేపను వదులుకోవాలి. చూడాల్సింది అది తినగలదా, ఈదగలదా, కుదురుగా బతకగలదా అని. బ్లడ్ ప్యారట్ అనే సంకర చేప అక్కడే తప్పుతుంది. నోరు పూర్తిగా మూసుకోదు, గొంతులోని పళ్ళతో నలుపుకోవాలి. చిన్నసైజు మునిగే గుళికలే వేసి పెంచడం ఒక ఎత్తు, ఇంకా కావాలని పుట్టించడం ఇంకో ఎత్తు. 1990లలో మలేసియాలో తయారైన ఫ్లవర్‌హార్న్ అనే సంకర చేప నచ్చకపోయినా, నుదుట బుడిపె మరీ పెరగకుండా మామూలు బుర్రతో ఉన్నది హాయిగానే బతుకుతుంది. గప్పీతో కలిసిన ఎండ్లర్‌కి (గప్పీకి దగ్గరి చుట్టమైన చిన్న చేప) ఒంట్లో లోపమేం లేదు, లేబులు మీది అబద్ధమే లోపం. ఆచూకీ కాగితం లేకుండా ‘ఎన్ క్లాస్’ (ఎక్కడిదో రుజువున్న అచ్చమైన ఎండ్లర్) అని రాసేవాళ్ళే ఎక్కువ. చూడ్డానికి అచ్చంగా ఉంటే ‘పీ’, కలిసిందని తెలిస్తే ‘కే’ అని రాస్తే సరి.

పేరు దాచి కలపడం ఎక్కడికి పోతుందో మనవైపు మాగుర అనే నాటు క్యాట్‌ఫిష్‌ను చూస్తే తెలుస్తుంది. ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను కేంద్రం 2000లోనే నిషేధించింది, అయినా దాన్ని నాటు మాగురతో కలపడం ఆగలేదు. డాబా కుండీలు కూడా చిన్న చెరువులే. తిత్లీ లాంటి తుపాను వాన పడితే కుండీ పొంగి కాలవకి, కాలవ నుంచి మహేంద్రతనయకి, అక్కడినుంచి వంశధారకి. అందుకని కుండీ నీటిమట్టం అంచుకి 15 సెం.మీ. కిందే, పొంగునీటి గొట్టానికి దోమతెర, బిగించడానికి ఇనప క్లిప్పు. ప్లాస్టిక్ టై ఎండకి మూడు నెలల్లో విరిగింది.

తర్వాతి ఈత పది రోజుల్లో రావాలి. ఈసారి 5వ వారంలోనే ఎనిమిది పిల్లల్ని ఒక్కొక్కటిగా వేరుచేస్తాను, 20 లీటర్ల నీళ్ళ క్యాన్లు మెడ కోసి. క్యానుకో చిన్న స్పాంజి, రోజూ మూడోవంతు నీళ్ళ మార్పు, లేకపోతే గిడసబారతాయి. మేతకి మొదటి రెండు వారాలూ ఆర్టీమియా (బుల్లి ఉప్పునీటి రొయ్య), తర్వాత హికారీ ఫస్ట్ బైట్స్ అనే పొడి మేత. పొడి సన్నగా ఉంటుంది, నీళ్ళు తొందరగా చెడవు. రంగు పెంచే మేతలు ఈ వరసకి పనికిరావు, ఎరుపు ముదిరితే చుక్క దాక్కుంటుంది.

14వ వారానికి శుభ్రంగా తేలిన కన్నె చేపల్ని ఇదే మగదానితో కడతాను. ఆ ఈతలో నలుపు లేకపోతే తప్పు పాత వీర్యానిది. వస్తే మగదాన్ని తీసేసి, పలాస నుంచి ఆకుపచ్చ మగది తెచ్చుకోవాలి. అయితే ఆ ఆకుపచ్చలో ఎంత ప్లాటీ ఉందో మళ్ళీ అదో పరీక్ష.