గాల్వెస్టన్‌లో ఉత్తరగాలి కోసం

అక్టోబరు ఆఖర్లో హ్యూస్టన్‌లో ఉండే అక్క వాళ్లింటికి వెళ్లాను. నేను దిగిన రోజు నుంచీ బావ ఫోన్‌లో వాతావరణమే చూస్తున్నాడు. ఆయన ఎదురుచూపంతా ఉత్తరపు చలిగాలి కోసం. టెక్సాస్ తీరంలో ఫ్లౌండర్ చేప వేసవంతా బేలోనే, అంటే తీరం లోపలికి చొచ్చుకొచ్చిన ఉప్పునీటిలోనే, బురద నేల మీద గడుపుతుంది. నీళ్లు చల్లబడ్డాక గుడ్లు పెట్టడానికి సముద్రంలోకి బయల్దేరుతుంది. బేలోంచి సముద్రంలోకి పోయే దారి ఇరుకు కాబట్టి అన్నీ అక్కడికే వచ్చి చేరతాయి. చలిగాలి వీచిన ప్రతిసారీ ఒక గుంపు కదులుతుందని బావ చెప్పాడు.

శుక్రవారం రాత్రి గాలి తిరిగింది. తెల్లారేసరికి గాల్వెస్టన్‌ పక్కనే ఉన్న పెలికన్ ఐలండ్‌లోని సీవుల్ఫ్ పార్క్‌లో ఉన్నాం. వెనక రెండో ప్రపంచ యుద్ధం నాటి కవల్లా సబ్‌మెరీన్, ముందు ఓడలు పోయే కాలువ. చేపలు పట్టడానికి నేను ఒక్కరోజు లైసెన్స్ ముందే తీసుకున్నాను. ఆటు మొదలై నీళ్లు బయటికి లాగుతున్నాయి. చిన్న చేపలు ఆ నీటితో కొట్టుకొస్తుంటే, ఫ్లౌండర్ నేలకు అంటుకుని కాచుకుని ఉంటుందట. అందుకే బతికున్న మల్లెట్ అనే చేప పిల్లను గాలానికి గుచ్చి, అడుగున ఈడుస్తున్నట్టు మెల్లగా లాగాలి.

"బరువు తగలగానే లాగేయకురా. మింగనీ. పది లెక్కపెట్టు" అన్నాడు బావ.

రెండుసార్లు ఆగలేకపోయాను, ఉత్త గాలమే పైకొచ్చింది. మూడోసారి ఊపిరి బిగబట్టి పదీ లెక్కపెట్టాను. వచ్చింది! అట్టులా పలచగా ఉంది. పైన బురద రంగు, మచ్చలు. తిప్పితే పాల తెలుపు. రెండు కళ్లూ ఎడమవైపే. పుట్టినప్పుడు చెరో పక్కనే ఉంటాయి, పిల్లగా ఉండగానే కుడి కన్ను తల మీదుగా ఇటు జరిగిపోతుంది. ఆ కళ్లు దేనికది కదులుతుంటే చాలాసేపు చూడాలనిపించింది. కొలిస్తే 14 అంగుళాలు. 15 లేకపోతే వదిలేయాలి. రాళ్ల మీదికి దిగి, రెండు చేతులతో నీళ్లలోకి జారవిడిచాను.

మధ్యాహ్నానికి బావకు రెండు, నాకు ఒకటి దక్కాయి. మనిషికి ఐదు దాకా ఉంచుకోవచ్చు.

ఇంటికొచ్చి కోస్తే నా చేప కడుపులో రెండు పక్కలా సన్నటి గుడ్ల సంచులు. ఆ సైజు చేపలు దాదాపు అన్నీ ఆడవేనట. నవంబరు 1 నుంచి డిసెంబరు 14 వరకు ఈ చేపను ఎందుకు పట్టనివ్వరో అవి చూశాక నా మనసుకెక్కింది. జోరుగా దొరికే రోజులు సరిగ్గా అవే. చేపలు తగ్గిపోతున్నాయని 2021 నుంచి ఈ నిషేధం పెట్టారు. మా కాకినాడలోనూ ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు బోట్లు ఒడ్డునే ఉంటాయి. నాకైతే రెండూ న్యాయంగానే అనిపిస్తాయి.

నవంబరు మొదటి వారంలో మళ్లీ ఉత్తరగాలి వచ్చింది, మొదటిదానికంటే బలంగా. గాలపు కర్రలు గరాజ్‌లో మూలకు చేర్చి ఉన్నాయి. బావ కిటికీ దగ్గర నిలబడి, ఊగుతున్న చెట్లను చూస్తూ, "ఈ రాత్రికి బోలెడు దిగిపోతాయిరా" అన్నాడు.